క్లాసిక్ కారు స్కేల్ మోడల్: కిట్ విప్పినప్పటి నుంచి అద్దాల పెట్టెలో పెట్టేదాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నవన్నీ ప్లాస్టిక్ కిట్ల గురించిన ప్రశ్నలే, అదీ ఎక్కువగా 1/24, 1/25 స్కేళ్ల కార్ల గురించి. ఉదాహరణ కావలసిన చోటల్లా 1957 షెవ్రొలే బెల్ ఎయిర్‌ని తీసుకున్నాను. దానికి కిట్లు బోలెడు, ఫొటోలు అంతకు మించి. పైగా ఒంటినిండా క్రోమ్ ఉన్న కారు కాబట్టి ఈ పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్కదాంట్లోనే తగులుతాయి. మోడల్ బొమ్మలా కనిపిస్తోందంటే చాలాసార్లు కారణం పార్టులు తక్కువవడం కాదు, ఏదో ఒకటి ఉండాల్సినదానికంటే మందంగా ఉండడం. కింది జవాబుల్లో సగం ఆ మందం తగ్గించే పనే.

1/24 మంచిదా, 1/25 మంచిదా? అసలు రెంటికీ తేడా ఏముంది?

నాలుగు శాతం. 1957 బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళాలు. 1/25లో అది సరిగ్గా 8 అంగుళాలు, 1/24లో 8.3. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. 1/24లో అసలు కారు మీది అడుగు మోడల్ మీద అరంగుళం అవుతుంది, లెక్కకు హాయి. 1/25 అమెరికన్ కంపెనీల దారి: కొత్త కార్ల ప్రచారం కోసం డీలర్ల దగ్గర ఉంచే ప్లాస్టిక్ నమూనాలు ఆ కొలతలో వచ్చేవి. ఏఎమ్‌టీ 1958లో తెచ్చిన త్రీ-ఇన్-వన్ కిట్లు (ఒకే కిట్‌తో మూడు రకాల్లో ఏదో ఒకటిగా కట్టుకోగలిగేవి) కూడా అదే కొలత పట్టుకున్నాయి. తమియా లాంటి జపాన్ కంపెనీలు 1/24 చేస్తాయి. ఒక స్కేలు ఇంజిన్‌ని ఇంకో స్కేలు కారులో పెట్టినా ఎవరూ పట్టుకోలేరు. బాడీనీ ఛాసీనీ మాత్రం కలపకండి, చక్రం మడ్‌గార్డు మధ్యలోకి రాదు.

1/43 అల్మరాలో వరుసగా పేర్చుకోవడానికి బావుంటుంది గానీ వైర్లు, పైపులు చేర్చాలనుకునేవాళ్లకు చేతికి అందదు. 1/12, 1/8 కిట్లలో డీటెయిలింగ్‌కి చోటు చాలా ఉంటుంది, కానీ చిన్న లోపం కూడా దాగదు.

మొదటిసారి చేస్తున్నాను. ఎలాంటి కిట్ తీసుకోవాలి?

మీకు నచ్చిన కారు తీసుకోండి, మూడు షరతులతో. ఒకే రంగు కారై ఉండాలి, టూ-టోన్ వద్దు. పైకప్పు ఉన్నదై ఉండాలి. కన్వర్టిబుల్‌లో లోపలి పనంతా బయటికి కనిపిస్తుంది. వైర్ వీల్స్ ఉండకూడదు. ఆ సన్నని కమ్మీలను ప్లాస్టిక్‌లో పోసినప్పుడు వచ్చే మందం ఎంత మంచి పెయింట్ వేసినా పోదు, చివరికి విడిగా ఫొటో-ఎచ్ సెట్ (పల్చటి లోహపు రేకు పార్టులు) కొనాల్సి వస్తుంది.

బానెట్ తెరుచుకోని, ఇంజిన్ లేని కిట్లుంటాయి, వాటిని కర్బ్‌సైడ్ అంటారు. కొందరు వాటిని చిన్నచూపు చూస్తారు, నేను చూడను. బాడీ పెయింటింగ్ చేతికి రావాలంటే అవే మేలు.

ఏ పనిముట్లు తప్పనిసరి?

స్ప్రూ (పార్టులన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి పార్టులు తుంచే సైడ్ కట్టర్, 11వ నంబరు బ్లేడున్న కత్తి, 400 నుంచి 2000 దాకా వెట్ శాండ్ పేపర్, సన్నని ట్వీజర్స్, మాస్కింగ్ టేపు, 0.3 నుంచి 1 మి.మీ. దాకా బిట్లు పట్టే చేతి డ్రిల్లు. ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు) తర్వాత కొనుక్కోవచ్చు. బ్లేడ్ల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. పదును పోయిన బ్లేడు ప్లాస్టిక్‌ని కోయదు, చీలుస్తుంది.

కిట్ విప్పగానే ముందు ఏం చేయాలి?

సూచనల కాగితం మొదటి మెట్టుగా ఇంజిన్ చూపిస్తుంది. దాన్ని పక్కన పెట్టి స్ప్రూలను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. మూస నుంచి పార్టు సులువుగా ఊడడానికి వాడిన జిడ్డు, చేతుల జిడ్డు పోకపోతే పెయింట్ అక్కడక్కడ ముడుచుకుపోతుంది.

తర్వాత బాడీ, ఛాసీ, లోపలి టబ్ (కారు లోపలి నేల, పక్క గోడలు కలిసిన తొట్టి), గాజు, చక్రాలు, ఈ ఐదింటినీ జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో ఒకచోట పెట్టి చూడండి. గాజు డాష్‌బోర్డుకి తగులుతోందా? టబ్ గోడలు ఎత్తుగా ఉండి ఛాసీ లోపలికి వెళ్లకుండా ఆపుతున్నాయా? నాలుగు చక్రాలూ నేలకి ఆనుతున్నాయా? కారు ముక్కు పైకి లేచి ఉందా? ఇవన్నీ ఇప్పుడు ఆకురాయితో రెండు నిమిషాల్లో సరిచేసే పనులు. పెయింట్ అయ్యాక బాడీ అంచులు లాగి పట్టుకుని ఛాసీని లోపలికి తోస్తే మాత్రం పెయింట్ పగులుతుంది.

కారు నిలబడే ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మడ్‌గార్డు అంచుకీ టైరుకీ మధ్య సందు ముందూ వెనకా ఎంత ఉందో అసలు కారు పక్కవాటు ఫొటోలో చూడండి. ఈ సందు తప్పితే మిగతా పనంతా ఎంత బాగా కుదిరినా చూసేవాళ్లకు ఏదో తేడాగానే అనిపిస్తుంది.

బాడీ మీద సన్నని గీతలున్నాయి. అవి డిజైన్‌లో భాగమా?

చాలావరకు కాదు. బాడీ మూస నాలుగైదు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలు కలిసే చోట ఏర్పడే గీతలవి. ముందు ఫెండర్ల పైఅంచు మీదుగా, వెనక మూలల్లో, పైకప్పు స్తంభాల మీద ఎక్కువగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, డిజైనర్ కావాలని పెట్టిన మడతలు కూడా సరిగ్గా అక్కడే ఉంటాయి. బెల్ ఎయిర్ వెనక రెక్కల పైఅంచు పదునుగా ఉండాలి. దాని మీది మూస గీతను రుద్దబోయి రెక్కనే గుండ్రం చేసిన మోడళ్లు చాలా కనిపిస్తాయి. మడత ఉన్నచోట శాండ్ పేపర్‌ని వేలితో కాక చదునైన చెక్కముక్కకి చుట్టి పట్టుకోండి.

600 పేపర్‌తో తడిపి రుద్దాక బూడిదరంగు ప్రైమర్ పల్చగా కొట్టండి. గీతలు, గుంటలు అప్పుడే బయటపడతాయి. గుంటలో పుట్టీ నింపి, బాగా ఆరాక రుద్ది, మళ్లీ ప్రైమర్. మూడోసారి కూడా ఏదో ఒకటి కనిపిస్తుంది, అది మామూలే.

ఇదే దశలో ఇంకో రెండు పనులున్నాయి. మొదటిది డోర్లు, బానెట్, డిక్కీ చుట్టూ ఉన్న గాడులు. ప్రైమర్, రంగు, క్లియర్ (రంగు లేని పారదర్శక పూత) కలిసి వాటిని పూడ్చేస్తాయి కాబట్టి ముందే కత్తి వీపుతో, అంటే పదును లేని వైపుతో, నెమ్మదిగా గీరి లోతు చేయాలి. తొలి గీతకు బలం పెట్టకూడదు, దారి పడేదాకా బ్లేడు బరువే చాలు. రెండోది చక్రాల పైని అంచులు. కిట్ బాడీ మందం 1 మి.మీ. అనుకున్నా అసలు కారు మీద అది 24 మి.మీ. రేకు అవుతుంది. అంత మందం రేకు యుద్ధ ట్యాంకుకి ఉంటుందేమో గానీ కారుకి ఉండదు. మడ్‌గార్డు అంచునీ బానెట్ అంచునీ లోపలి వైపు నుంచి ఏటవాలుగా గీరి పల్చన చేస్తే బయటికి రేకులా కనిపిస్తుంది. ఖర్చు లేని డీటెయిలింగ్ ఇది, అయినా చాలామంది దీన్ని వదిలేసి ఎచ్ సెట్లు కొంటారు.

రంగు ఎలా ఎంచుకోవాలి?

ఆ ఏడాది కంపెనీ ఇచ్చిన రంగుల పట్టిక వెతకండి. 1957 షెవ్రొలేకి మాటడోర్ రెడ్, లార్క్‌స్పర్ బ్లూ, ట్రాపికల్ టర్కాయిస్, సర్ఫ్ గ్రీన్, ఇండియా ఐవరీ లాంటివి ఉండేవి. లోపలి సీట్ల రంగు కూడా బయటి రంగుని బట్టే వచ్చేది కాబట్టి రెండూ కలిపే చూసుకోవాలి. పాత ఫొటోలను నమ్మి రంగు కలపకండి, ఫిల్మ్ ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపుకో పసుపుకో తిరుగుతుంది.

మెటాలిక్ రంగుల విషయంలో జాగ్రత్త. అసలు కార్ల కోసం చేసిన టచప్ స్ప్రేలో తళుకు రేణువులు మోడల్‌కి మరీ పెద్దవి. మోడల్ మీద పావు మిల్లీమీటరు రేణువు అసలు కారు మీద 6 మి.మీ. బిళ్ల కింద లెక్క. మోడళ్ల కోసం చేసిన మెటాలిక్‌లో రేణువు సన్నగా ఉంటుంది.

ల్యాకర్, ఎనామెల్, యాక్రిలిక్: దేని మీద ఏది వేయవచ్చు?

బలమైన ద్రావకం ఉన్నది కిందికి, సున్నితమైనది పైకి. ల్యాకర్ పూర్తిగా ఆరాక దాని మీద ఎనామెల్ గానీ యాక్రిలిక్ గానీ వేయవచ్చు. ఎనామెల్ మీద ల్యాకర్ కొడితే కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. తమియా టీఎస్ స్ప్రేలు, మిస్టర్ కలర్ ల్యాకర్ జాతి. తమియా ఎక్స్, ఎక్స్ఎఫ్ సీసాలు యాక్రిలిక్. హంబ్రోల్, టెస్టర్స్ చిన్న డబ్బాలు ఎక్కువగా ఎనామెల్. బాడీకి నేను ల్యాకరే వాడతాను. త్వరగా ఆరుతుంది, పల్చటి పొరగా కూర్చుంటుంది, గట్టిపడ్డాక పాలిష్‌కి నిలుస్తుంది. ఎనామెల్ మెరుపు అందమైనదే, కానీ పూర్తిగా గట్టిపడేలోపు దుమ్ము దాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

స్ప్రే డబ్బాతో మంచి ఫినిష్ వస్తుందా?

వస్తుంది. డబ్బాని వాడే ముందు కొద్దిసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే ఒత్తిడి పెరిగి తుంపర సన్నగా పడుతుంది. వేడినీళ్లు కాదు, పొయ్యి దగ్గరకైతే అసలు తీసుకెళ్లకూడదు. 15 నుంచి 20 సెం.మీ. దూరంలో పట్టి, తుంపరని బాడీ బయట మొదలుపెట్టి బాడీ దాటాక ఆపండి. మొదటి రెండు కోట్లు ప్లాస్టిక్ ఇంకా కనిపించేంత పల్చగా ఉండాలి. చివరిది మాత్రం తడిగా, అద్దంలా పరుచుకునేంత ఉండాలి. కారిపోతుందన్న భయంతో చివరి కోటు కూడా పొడిగా కొట్టేవాళ్లే ఎక్కువ, గరుకుదనమంతా అక్కడి నుంచే వస్తుంది. డోరు కింది అంచు, స్తంభాల మూలలు లాంటి తుంపర అందని చోట్లు ముందు కొట్టి, ఆ తర్వాతే పెద్ద తలాలకు రావాలి.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ల్యాకర్ కొట్టకండి, పైన తెల్లటి మసక కమ్ముతుంది.

ఎర్ర ప్లాస్టిక్ మీద తెలుపు వేస్తే గులాబీ రంగు తిరిగింది. ఎందుకు?

ప్లాస్టిక్‌లోని ఎరుపు ద్రావకంలో కరిగి పైకి పాకింది. మీద ఇంకెన్ని తెల్ల కోట్లు వేసినా అదే జరుగుతుంది. బాడీకి ముందు సిల్వర్ పెయింట్‌తో ఒక అడ్డుపొర వేసి, దాని మీద ప్రైమర్, ఆపై తెలుపు వేయండి.

పెయింట్ నారింజ తొక్కలా గరుకుగా వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేయాలా?

అక్కర్లేదు, పాలిష్ చేస్తే పోతుంది. అసలు కారు మీద పెయింట్ పొరలన్నీ కలిపి దాదాపు 0.1 మి.మీ. మందం. దాన్ని 24తో భాగిస్తే 0.004 మి.మీ. అంత పల్చటి పొర ఎవరి చేతా కాదు కాబట్టి మోడల్ మీది పెయింట్ ఎప్పుడూ స్కేలుకి మించే ఉంటుంది. ఆ మందాన్ని కంటికి కనపడకుండా చేసే మార్గం పాలిష్ ఒక్కటే.

పెయింట్ వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు వాసన వస్తుంటే ఇంకా ఆరుతోందన్నమాట. ఆ తర్వాత మైక్రో-మెష్ గుడ్డలు (చాలా సన్నని గరుకున్న పాలిషింగ్ గుడ్డలు) 3200, 3600, 4000, 6000, 8000, 12000 వరుసలో, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి రుద్దాలి. 3200తో మొదలుపెట్టినప్పుడు తలమంతా మసకబారి, నడుమ నడుమ చిన్న చిన్న మెరిసే చుక్కలు మిగులుతాయి. అవి పల్లాలు. ఆ చుక్కలు మాయమయ్యేదాకా తర్వాతి గుడ్డకి వెళ్లకూడదు, మాయమయ్యాక ఒక్క రుద్దు కూడా ఎక్కువ వేయకూడదు. చివర్లో కాటన్ గుడ్డతో పాలిషింగ్ కాంపౌండ్.

ఫెండర్ పైఅంచుల మీదా డోరు గాడుల పక్కనా అసలు రుద్దకండి. పెయింట్ అక్కడే అన్నిటికంటే పల్చగా ఉంటుంది, చూస్తుండగానే ప్రైమర్ బయటపడుతుంది. పాలిష్‌కి ముందు ఆ అంచులకు సన్నని టేపు అంటిస్తే గొడవ ఉండదు.

ఇంకో మాట. 1950ల కార్లకు రంగు మీద విడిగా క్లియర్ కోటు వేసే పద్ధతి లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టున్న కారు కావాలంటే రంగునే పాలిష్ చేసి ఆపేయడం మంచిది. మందపాటి క్లియర్ వేస్తే ఈ కాలపు షోలలో పెట్టే కారులా ఉంటుంది. అది తప్పని అనను, ఏది కావాలో ముందే తేల్చుకోమంటాను.

క్రోమ్ ట్రిమ్‌కి ఏది మేలు: ఫాయిలా, పెన్నా, పెయింటా?

కిటికీల చుట్టూ, డోర్ల మీద సాగే సన్నని పట్టీలకు ఫాయిల్, అంటే వెనక జిగురున్న పల్చటి లోహపు రేకు. డోర్ హ్యాండిళ్లు, వైపర్ల మొదళ్లు లాంటి చిన్నవాటికి మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్. బంపర్ లాంటి పెద్ద పార్టులకు మెరిసే నలుపు మీద ఆల్‌క్లాడ్ క్రోమ్ పెయింట్, అదీ ఎయిర్‌బ్రష్ ఉంటేనే. మామూలు సిల్వర్ పెయింట్ ఎంత మంచిదైనా క్రోమ్ కాదు, అల్యూమినియంలా కనిపిస్తుంది.

బేర్ మెటల్ ఫాయిల్ అతికించేటప్పుడు ముక్కని పట్టీ కంటే రెండింతలు వెడల్పుగా కోసుకోండి. బ్యాకింగ్ కాగితం మీద నుంచి లేపి, లాగకుండా, పట్టీ మీద వదులుగా పరచండి. ముందు వేలితో పొడుగునా నొక్కి, తర్వాత టూత్‌పిక్ మొనని కాస్త మొద్దు చేసి పట్టీకి రెండు పక్కలా ఉన్న మూలలోకి నెట్టండి. ఇయర్‌బడ్‌తో రుద్దితే ముడతలు సర్దుకుని పట్టీ ఆకారం ఫాయిల్ కింద నుంచి పైకి తేలుతుంది. ఇప్పుడు కొత్త బ్లేడు తీసుకుని ఆ మూల వెంట ఒక్క గీతగా లాగండి. బ్లేడు కింద పెయింట్ తెగకూడదు, ఫాయిలే తెగాలి. మిగిలిన ముక్కని ట్వీజర్స్‌తో కోత వైపు మడిచి లాగితే శుభ్రంగా ఊడొస్తుంది. ఎక్కడైనా చిరిగితే మొత్తం పీకనక్కర్లేదు, ఆ చోట ఇంకో ముక్క వేసి రుద్దితే అతుకు దాదాపు కనపడదు.

పేర్ల అక్షరాలకు వేరే ఉపాయం ఉంది. బెల్ ఎయిర్ ఫెండర్ మీది అక్షరాలంత సన్నని వాటి చుట్టూ ఫాయిల్ కోయడం అయ్యే పని కాదు. అందుకని ప్రైమర్ దశలోనే అక్షరాల మీద చిన్న ఫాయిల్ ముక్క అతికించి, అంచులు బాగా అణిచి, దాని మీదుగానే రంగు కొట్టేస్తారు. ఆరాక పైకి ఉబ్బిన అక్షరాల తలల్ని మాత్రం 3200 గుడ్డతో మెల్లగా తాకిస్తే రంగు పోయి మెరుపు బయటపడుతుంది. అయితే బెల్ ఎయిర్‌లో ఆ అక్షరాలు బంగారు రంగువి, గ్రిల్ జల్లెడ కూడా బంగారు ఛాయదే. ఫాయిల్ బయటపడ్డాక పారదర్శకమైన పసుపు, దాంట్లో రవ్వంత నారింజ కలిపి పూస్తే ఆ ఛాయ వస్తుంది. V8 ఇంజిన్ ఉన్న కారుకి బానెట్, డిక్కీ మీద పెద్ద V గుర్తు ఉంటుంది. బెల్ ఎయిర్‌లో అదీ బంగారు రంగే. ఆరు సిలిండర్ల కారుకి ఆ V ఉండదు, కాబట్టి బానెట్ కింద ఏ ఇంజిన్ పెట్టారో చూసుకుని గుర్తు ఉంచండి.

కిట్‌తో వచ్చిన క్రోమ్ పార్టులు బొమ్మల్లా ఉన్నాయి. ఏం చేయొచ్చు?

అది శూన్యంలో ఆవిరిగా పూసిన అల్యూమినియం. పొర బావుంటే ఉంచేసి, గ్రిల్ సందుల్లో బాగా పల్చన చేసిన నలుపు పారించండి. ఆ ఒక్క పనితో గ్రిల్‌కి లోతు వస్తుంది. మూస గీతలు మరీ కొట్టొచ్చినట్టుంటే పొర తీసేయాలి. సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ద్రావణంలో వేస్తే అల్యూమినియం కరిగిపోతుంది, ప్లాస్టిక్‌కి ఏమీ కాదు. కింద మెరిసే వార్నిష్ పొర ఉంటే దాన్ని విడిగా రుద్ది తీయాలి. గ్లవ్స్ వేసుకోండి. బ్లీచ్‌ని యాసిడ్‌తో గానీ అమోనియాతో గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇంజిన్‌కి వైర్లు వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డిస్ట్రిబ్యూటర్ దగ్గర, అంటే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం దగ్గర. అది ఎక్కడుందో ముందు చూసుకోండి. షెవ్రొలే స్మాల్ బ్లాక్ V8లో ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కారు లోపలికీ మధ్య గోడ) పక్కన ఉంటుంది. ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌లో ముందు ఉంటుంది. పాత కార్ల ప్లగ్ వైరు మందం సాధారణంగా 7 మి.మీ., కాబట్టి 1/24లో మీకు కావలసింది 0.3 మి.మీ. కంటే లావు కాని తీగ. డీటెయిలింగ్ సెట్లలో వచ్చే వైర్లు కొన్ని దీనికి రెట్టింపు లావుంటాయి, ఇంజిన్ మీద పాములు పాకినట్టుంటుంది. పాత హెడ్‌ఫోన్ లోపలి సన్నని తీగలు వాటికంటే నయం.

డిస్ట్రిబ్యూటర్ మూతలో చుట్టూ ఎనిమిది రంధ్రాలు, కాయిల్ వైరుకి నడుమ ఒకటి తొలవాలి. ప్లాస్టిక్ మూత పగిలిపోతుంటే దాన్ని కోసేసి అదే మందం స్టైరీన్ (కిట్లు చేసే ప్లాస్టిక్) కడ్డీ ముక్క పెట్టి, ముందు సూది మొనతో గుర్తులు పొడిచి, తర్వాత తొలవండి. షెవ్రొలే V8 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరుస, 1-8-4-3-6-5-7-2. ఎడమ చేతివైపు, అంటే అమెరికన్ కారులో డ్రైవర్ వైపు, ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7. కుడివైపు 2, 4, 6, 8. మూతని పైనుంచి చూస్తూ గడియారం తిరిగే దిశలో ఆ వరుస పంచుకుంటూ పోవాలి. ఇంత అవసరమా అంటే, ఎవరూ లెక్కపెట్టరు. కానీ వరుస ప్రకారం వేసిన వైర్లు ఒకదాన్నొకటి దాటుకునే తీరు వేరుగా ఉంటుంది, అసలు ఇంజిన్ ఫొటో పక్కన పెట్టినప్పుడు తేడా తెలుస్తుంది.

వైర్ల రంగు నలుపు. ఎరుపు, పసుపు వైర్లు తర్వాతి కాలపు షోకులు. ఇంజిన్ రంగు కంపెనీని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. షెవ్రొలే 283 V8 నారింజ. తొలి ఫోర్డ్ మస్టాంగ్‌లలో 289 ఇంజిన్ బ్లాక్ నలుపు, వాల్వ్ కవర్లు బంగారు రంగు. 1966 నుంచి ఫోర్డ్ ఇంజిన్లన్నీ నీలమే.

లోపలి భాగంలో దేనికి ఎక్కువ శ్రద్ధ పెట్టాలి?

మెరుపుల తేడాకి. సీట్లు, నేల, డాష్‌బోర్డు, స్టీరింగ్ చక్రం అన్నీ ఒకే మెరుపులో ఉంటే ఎంత డీటెయిల్ ఉన్నా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తాయి. వినైల్ సీటు శాటిన్ (సగం మెరుపు), స్టీరింగ్ చక్రం గ్లాసీ (నిండు మెరుపు), కార్పెట్ పూర్తిగా మ్యాట్ (మెరుపు లేనిది). రేకు డాష్‌బోర్డు బాడీలా మెరవాలి. కార్పెట్‌కి పల్చన చేసిన తెల్ల జిగురు పూసి ఫ్లాకింగ్ పొడి (సన్నని నూగులాంటి పీచు పొడి) చల్లి, ఆరాక దులిపేయండి. మీటర్ల అద్దాలకు ఒక్కో చుక్క క్లియర్ చాలు. వెనక సీటు ఎవరికీ కనపడదు, అక్కడ ఎక్కువసేపు కూర్చోకండి.

1950ల అమెరికన్ కార్లు చాలావాటిలో సీటుబెల్టులు ఉండవు. వోల్వో మూడు కొసల బెల్టు తెచ్చింది 1959లో. కిట్‌కి విడిగా కొన్న ఎచ్ బెల్టులు అందంగా ఉన్నాయని 1957 కారులో పెట్టేయకండి.

గాజు అతికించగానే తెల్లగా మసకబారింది. పోతుందా?

అది సూపర్ గ్లూ ఆవిరి చేసిన పని. 3200 నుంచి పైకి పాలిష్ చేస్తే పోవచ్చు, కానీ మూలల్లో చెయ్యి పట్టదు. గాజుకి ఎప్పుడూ తెల్ల జిగురు గానీ కానపీ గ్లూ (పారదర్శక పార్టుల కోసం చేసిన జిగురు) గానీ వాడండి, ఆరాక పారదర్శకంగా అవుతాయి. కారు పూర్తిగా మూసేశాక లోపల ఎక్కడా సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి గాజు లోపలి వైపు కమ్ముతుంది.

టైర్లు, హెడ్‌లైట్లు ఎలా ఉండాలి?

కిట్ టైరు తలం నల్లగా మెరుస్తుంది, మధ్యలో మూస గీత ఉంటుంది. 400 పేపర్ మీద దొర్లించి రుద్దితే గీత పోయి కాస్త బూడిదగా, రోడ్డు మీద నడిచిన రబ్బరులా అవుతుంది. తెల్లపట్టీ వెడల్పు కాలాన్ని పట్టిస్తుంది. 1950ల కార్లకి వెడల్పాటి పట్టీలు, 1962 ప్రాంతం నుంచి సన్ననివి. బెల్ ఎయిర్‌కి సన్న పట్టీ వేస్తే కారు తర్వాతెప్పుడో టైర్లు మార్చుకుందన్నట్టుంటుంది.

అమెరికన్ కార్లలో 1940 నుంచి చాలా ఏళ్లపాటు 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ (బల్బూ అద్దమూ ఒకే ముక్కగా ఉండే) హెడ్‌లైట్లే. 1/24లో అది 7.4 మి.మీ. వ్యాసం. 1957 షెవ్రొలేకి పక్కకొకటి చొప్పున ఉంటే, 1958కి రెండేసి వచ్చాయి. అవి 5¾ అంగుళాలవి, అంటే దాదాపు 6 మి.మీ. కిట్‌లో హెడ్‌లైట్ క్రోమ్ బొడిపెలా ఉంటే దాన్ని తొలిచి, వెనక ఫాయిల్ పెట్టి, ముందు పారదర్శక లెన్సు అతికించండి. కారుకి చూపు వస్తుంది.

తుప్పు పట్టిన కారు చేయాలనుంది. ఎలా?

ముందు తుప్పు ఎక్కడ పడుతుందో చూడండి. నీళ్లూ మట్టీ నిలిచే చోట: ఫెండర్ల కింది మూలలు, డోర్ల కింది అంచు, వాటి కింద ఛాసీ పక్కగా సాగే పట్టీ, వెనక అద్దం అడుగు అంచు, డిక్కీ నేల. బానెట్, పైకప్పు మీద మొదట జరిగేది తుప్పు కాదు, ఎండకి రంగు వెలిసిపోవడం. ఆ తర్వాతే పెయింట్ పోయిన చోట పైపైన ఎర్రబారుతుంది. మోడళ్లలో ఎక్కువగా కనిపించేది దీనికి తిరగేసిన తంతు, పైకప్పు నడిమధ్యన పెద్ద తుప్పు మచ్చ.

పద్ధతి తేలికే. తుప్పు రంగులు ముందు వేసి, వాటి మీద హెయిర్ స్ప్రే కొట్టి, దాని మీద యాక్రిలిక్‌తో బాడీ రంగు. రంగు ఆరీ ఆరగానే నీళ్లలో ముంచిన బ్రష్‌తో తట్టితే ఆ చోట రంగు పెచ్చులుగా లేస్తుంది. కావాలనుకున్నదాంట్లో సగం దగ్గర ఆపేయండి.

ఇంట్లో పెయింట్ చేయడం ప్రమాదమా?

ల్యాకర్ ఆవిరి ప్రమాదమే. దుమ్ము కోసం వాడే గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గాలి బయటికి పోయే దారి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెండు భాగాలు కలిపి వాడే 2కే క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, దాన్ని ఇంటి గదిలో కొట్టవద్దనే చెబుతాను. రెజిన్ పార్టులను తడిపి రుద్దండి, పొడి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చాలా ఏళ్ల నాటి కిట్ దొరికింది. ఏం చూసుకోవాలి?

ముందు గాజు. పాత కిట్లలో మెత్తటి వినైల్ టైర్లు పెట్టెలో గాజు పార్టుకో బాడీకో ఆనుకుని ఉంటే, టైరులోంచి వచ్చే ప్లాస్టిసైజర్ (వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం) స్టైరీన్‌ని కరిగించి టైరు గాడుల అచ్చు వేస్తుంది. గాజు మీద పడితే చాలావరకు ఇక అంతే, దాన్నే అచ్చుగా పెట్టుకుని కొత్తది వాక్యూమ్ ఫామ్ (వేడిచేసిన ప్లాస్టిక్ షీటుని అచ్చు మీదికి గాలితో పీల్చడం) చేసుకోవాలి. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మలు, అక్షరాలు) పసుపుబారి ఉంటే జిప్ కవర్లో పెట్టి ఎండ పడే కిటికీకి అంటించండి, కొన్నాళ్లకు తెల్లబడతాయి. నీళ్లలో వేసే ముందు వాటి మీద ఒక పొర క్లియర్ కొట్టండి, లేకపోతే ముక్కలైపోతాయి.

మీరు కట్టిన మోడల్‌కీ ఇదే గండం ఉంది. టైరుకీ ప్లాస్టిక్ రిమ్ముకీ మధ్య యాక్రిలిక్ పెయింట్ పొరో ఫాయిల్ పట్టీయో ఉంచండి. అద్దాల పెట్టెలో ఛాసీ కింద చిన్న దిమ్మె పెట్టి, బరువు టైర్ల మీద పడకుండా నిలపండి. పెట్టెని మాత్రం ఎండ తగలని గోడ పక్కన ఉంచాలి. ఎర్ర రంగులు ముందు వెలుస్తాయి, ఎండకి వేడెక్కిన పెట్టెలో బాడీ వంగినా వంగుతుంది.